పురుగుకు పడని వాసన

సుబ్బరాయప్ప కాలికి నేను కట్టిన కట్టు మర్నాటికి పంచలో ఆయన మంచం దగ్గర, చీపురు పక్కన పడి ఉంది. దిబ్బూరహళ్ళి పక్క పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళకు బీపీ, షుగరు చూసే నర్సుని నేను. కట్టు విప్పుకున్నవాళ్ళను చాలామందిని చూశాను గానీ, దాన్ని చుట్ట చుట్టి జాగ్రత్తగా పక్కన పెట్టినవాణ్ణి చూడలేదు.

"ఎవరప్పా విప్పింది?"

"నేనేమ్మా. మందు వాసన లోపలికి పోతాండాది. వాసన తగిలితే పురుగు ఆకు ముట్టదు."

నడిమింటి నిండా పట్టుపురుగులే. గుమ్మానికి తడిపిన గోనెపట్టా. ఆ ఇంట్లో పురుగు ఉన్నన్నాళ్ళూ అగరొత్తి వెలిగించరు, తలనొప్పి తైలం రాసుకున్నవాళ్ళను లోపలికి రానివ్వరు. ఈ కట్టుబాట్లన్నీ నేర్పింది సుబ్బరాయప్పే. యాభై ఏళ్ళు పురుగు సాకినవాడు. షుగరు కాలి మీద రూపాయి బిళ్ళంత పుండు. రోజూ కడిగి కట్టు కడితే మానేదే.

కొడుకు పురుషోత్తమ్ మల్బరీ మోపు దించుతుంటే అడ్డం పోయాను.

"మీ నాయన్ను ఆస్పత్రిలో చేర్పించు. కాలు పోతుంది."

"తోడు ఎవరు పోవల్ల సిస్టరమ్మా? నేనూ ప్రేమా ఇద్దరమే ఉండేది. ఇంగ ఇరవై దినాలు తాళు. గూడు దించినంక నేనే పిలుచుకొని పోతా."

అతని భార్య ప్రేమ గోనెపట్టా పక్కకు జరిపి, "ఆ మందు సంచి కొంచిం దూరం పెట్టమ్మా" అంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. పురుగుకు మూడు పూటలా మేత, ఉక్కపోస్తే కిటికీ, చలేస్తే కుంపటి. కన్నతండ్రికి మాత్రం ఇరవై దినాలు తాళు. నాలుగు మాటలు అనబోతే ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వాన్నేమీ అనొద్దమ్మా. పంట పోతే నా కాలి వల్లే పోయిందంటారు."

రిజిస్టరులో 'చికిత్స వద్దన్నారు' అని రాసుకుని వచ్చేశాను. రాసింది నిజమే. ఆ నిజం చాటున నేను తప్పుకున్నానని మాత్రం నాకు తెలుసు.

ఆ తర్వాత మూడుసార్లు పోయాను. పోయిన ప్రతిసారీ వేణ్ణీళ్ళతో కడుక్కున్న కాలు, దాని మీద పాత పంచె ముక్క. పురుగు పండి గూడు అల్లడం మొదలుపెట్టే నాటికి పాదం నల్లబడింది. ముసలాయనకు ఒళ్ళు కాలిపోతోంది. పురుషోత్తమ్ మాట తప్పలేదు. గూడు మార్కెట్టుకు వేసొచ్చిన ఆటోలోనే తండ్రిని చిక్కబళ్ళాపురం తీసుకుపోయాడు. మోకాలి కిందికి తీసేశారు.

పది రోజులకు వార్డుకు పోయి చూశాను. ప్రేమ తోడుండి, అంతకు ముందురోజే ఊరికి పోయిందట.

"ఈసారి గూడు బాగా గట్టిగా వచ్చిందంట గదమ్మా" అన్నాడు, నేను కూర్చోకముందే.

"వచ్చింది. నువ్వు రేపు ఇంటికి పోవచ్చంటప్పా. నేనే వచ్చి రోజూ కట్టు కడతా."

ఆయన దుప్పటి సర్దుకున్నాడు.

రేపు పంపిస్తారని చెప్పడానికి ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. ఆలుమగలిద్దరూ నడిమిల్లు బ్లీచింగు నీళ్ళతో కడుగుతున్నారు. వార్డులో కూడా అంత ఘాటు లేదు.

"ఈ వాసన పడుతుందా మీ పురుగుకు?"

"పురుగొచ్చే కొద్దికి పోతాదమ్మా. ఎల్లుండి తెస్తాండాము" అన్నాడు పురుషోత్తమ్, తలెత్తకుండా. "నాయన్ను ఇంకో నెల ఆడే పెట్టుకోమని చెప్పు."

"అది ఆస్పత్రా, సత్రమా?"

"నేననింది కాదు సిస్టరమ్మా. ఇప్పుడే ఆయనే ఎవురి ఫోన్లోనో మాట్లాడినాడు. కట్టు వాసనొస్తాది, గూడు దించేదాకా నన్ను పిలుచుకొని పోవద్దు అన్న్యాడు."

ప్రేమ నాకు కుర్చీ వేద్దామని పంచలోకి వచ్చింది. వేయడానికి చోటు లేదు. ముసలాయన మంచం తీసేసి, అక్కడ మేత తట్టలు పేర్చారు.