మధ్యలో ఎక్కడా ఆగని విమానం

"పదహారు గంటలేగా. ఎక్కి కూర్చుంటే అదే తీసుకొస్తుంది," అన్నాడు నా భర్త ఎఫ్రెన్ ఫోన్లో, మా అమ్మ పోయిందని చెప్పిన మరుక్షణం.

అతనికి టొరంటో నుంచి మనీలా అంతే దూరం. టొరంటోలో నేను చూసుకునే ముసలావిడ కూతురిదీ అదే లెక్క. "పోవడానికో రోజు, రావడానికో రోజు. వారం చాలుగా లియోనీ? అమ్మ నీ చేత తప్ప స్నానం చేయించుకోదు." వాళ్ళమ్మ సంగతి. మా అమ్మకి ఆఖరి స్నానం ఎవరు చేయించారో నాకు తెలీదు.

అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే అడిగేది. "నీ గదికి కిటికీ ఉందా? అందులోంచి ఏం కనిపిస్తుంది? నన్నెప్పుడు తీసుకెళ్తావు?" వచ్చే ఏడు అనేదాన్ని. ప్రతి ఏడూ అనేదాన్ని.

మా వైపు దూరాన ఉన్న బిడ్డ వచ్చేదాకా శవపేటికని ఇంట్లోనే ఉంచుతారు. అమ్మ నా కోసం గాజు మూత కింద ఎదురుచూసింది. నేను గుమ్మం దాటగానే, అక్కడ పెత్తనం చేస్తున్న మా మేనత్త చోలెంగ్ నా చేతిలో కాఫీ ట్రే పెట్టింది. "జాగారానికి జనం వచ్చారు. ముందు వాళ్ళ సంగతి చూడు." ఆ ట్రే మళ్ళీ దిగలేదు. పొద్దున కోడి జావ, సాయంత్రం పేకాట వాళ్ళకి బిస్కెట్లు. "కెనడాలో కూడా ఇంతే పల్చగా పెడతావా?" అని ఒకాయన వేళాకోళం. ఎఫ్రెన్ ముక్కల్లోంచి తలెత్తకుండానే, "జావలో అల్లం చాల్లేదట," అన్నాడు. వంటింటి నుంచి అమ్మ పక్కకి నాలుగడుగులు. సముద్రం దాటి వచ్చినదాన్ని, ఆ నాలుగడుగులు దాటలేకపోయాను.

ఒక్కసారి అమ్మ పక్కన కూర్చున్నాను. తల వంచగానే అత్త భుజం పట్టి లాగింది. "గాజు మీద కన్నీళ్ళు పడితే ఆవిడ ప్రయాణం కష్టమవుతుంది. లే, నీళ్ళు మరుగుతున్నాయి."

ఖననం అయిన వెంటనే విమానాశ్రయానికి బయల్దేరాం. జీపు కదలబోతుంటే అత్త గుర్తుచేసింది. "దారిలో ఎక్కడైనా కాసేపు ఆగండి." చావింటి నుంచి తిన్నగా ఎవరింటికి వెళ్ళినా, చనిపోయినవాళ్ళు వెంట వస్తారని మా నమ్మకం. మధ్యలో ఒకచోట ఆగితే అక్కడే దారి తప్పుతారు.

బేకరీ ముందు ఎఫ్రెన్ జీపు నెమ్మది చేశాడు.

"ఆపకు," అన్నాను.

"సరేలే, ఎలాగూ నీ విమానం తైపీలో ఆరు గంటలు ఆగుతుంది. చవగ్గా వచ్చింది. మీ అమ్మ అక్కడ దిగిపోతుందిలే," అని నవ్వాడు.

విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరకి తిన్నగా నడిచాను. టికెట్ మార్చమన్నాను.

"నేరుగా టొరంటో వెళ్ళేది ఉంది మేడమ్," అంది ఆ అమ్మాయి. "కానీ రేటు బాగా ఎక్కువ."

"పిచ్చా నీకు?" ఎఫ్రెన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఈ నెల నీకు పంపేదాంట్లోంచి."

చెయ్యి విడిపించుకుని ఆ అమ్మాయి వైపు తిరిగాను.

"మధ్యలో ఎక్కడా ఆగదుగా?"

"ఆగదు మేడమ్. సీటు ఎటువైపు ఇమ్మంటారు?"

"కిటికీ పక్కన," అన్నాను. "అమ్మ ఎప్పుడూ విమానం ఎక్కలేదు."