గోడల్లేని కాలనీ

ఇల్లు కొనేవాళ్ళు నీళ్ళొస్తాయా, బస్సొస్తుందా, బజారెంత దూరం అని అడుగుతారు. ఈయనగారు మాత్రం ఇళ్ళు చూపించే ఏజెంటుని పట్టుకుని, పక్కింటివాళ్ళు పలకరిస్తారా అని అడిగాడు. ఆ ఏజెంటు తన సర్వీసులో అలాంటి ప్రశ్న విని ఉండడు. అయినా తేరుకుని, పలకరించకుండా ఎలా ఉంటారండీ అన్నాడు.

అడగడానికి కారణముంది. ఆయన ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచెయ్యడంలోనే గడిచింది. లిఫ్టెక్కిన మనిషి పక్కమనిషి మొహం చూడడు, తలుపు మీద వెలిగే అంకెలు చూస్తాడు. ఒకసారి రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టు తలుపులు బలవంతంగా తెరిస్తే, లోపల ఎదురెదురు ఫ్లాట్లవాళ్ళిద్దరు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగు, అంతసేపూ ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదట. రిటైరయ్యాక ఊరిబయట ఎక్కడైనా సరే, మనుషులు మనుషుల్లా మసిలే చోట ఇల్లు తీసుకోవాలని ఆయన ఆరోజే గట్టిగా అనుకున్నాడు.

ఆయన భార్యది సరిగ్గా దీనికి తలకిందులు. ఆవిడ పెద్దాసుపత్రిలో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి. ఫలానా వార్డెక్కడ, డాక్టరుగారొచ్చారా, మావాడికెలా ఉంది అని అడిగేవాళ్ళకి జవాబులు చెప్పీ చెప్పీ గొంతూ ప్రాణమూ రెండూ అలిసిపోయాయి. ఆమె కోరిందల్లా ఇంటి చుట్టూ నిలువెత్తు గోడ, గోడ లోపల నాలుగు పూలకుండీలు, తననెవరూ ఏమీ అడగని సాయంత్రాలు.

ఏజెంటు రెండు కాలనీలు చూపించాడు. మొదటిదాంట్లో ప్రతి ఇంటికీ దాని గోడ దానికుంది. ఆమె ఆ పెరట్లో నిలబడి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అద్దె ఇళ్ళలో ఉన్నన్నాళ్ళలో భార్య అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు, అయినా తలకెక్కించుకోలేదు. రెండో కాలనీలో ఇళ్ళ మధ్య అసలు గోడలే లేవు. పెరళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే గడ్డిమైదానంలా ఉన్నాయి. ఒకావిడ ఉతికిన దుప్పటి రెండో కొస పక్కింటావిడ పట్టుకుని పిండుతోంది. అది చూసి ఆయనకి కళ్ళు చెమర్చాయి.

"నేను రోజంతా మనుషుల్ని చూసిన దాన్నండీ. నాకిక చాలు. ఆ గోడలున్న ఇల్లే తీసుకుందాం" అంది ఆమె తిరుగు ప్రయాణంలో.

ఆయన ఊరుకుంటాడా? లిఫ్టు కథ మళ్ళీ మొదలుపెట్టాడు. మనుషులు లేకపోతే ఇల్లేమిటి, గోడలేమిటి అంటూ నాలుగు రోజులు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. చివరికి ఆమె మీ ఇష్టం అంది. ఆ మాటకి అర్థం తెలియని మొగుడు లేడు, తెలియనట్టు నటించని మొగుడూ లేడు. ఆయన మర్నాడే అడ్వాన్సు ఇచ్చొచ్చాడు.

కాలనీలో దిగిన కొన్నాళ్ళకే ఆయనకి లిఫ్టాయన అనే పేరు స్థిరపడింది. మీటింగు పెడితే ముందు లేచేది ఆయనే. ఎవరైనా ఒక వరస ఇటుకలు పేర్చుకుంటామని నసిగితే ఒంటికాలిమీద లేచేవాడు. గోడ కట్టుకునేవాళ్ళు ఇక్కడికెందుకొచ్చినట్టు అని నిలదీసేవాడు. ఇటుకలు తెచ్చుకున్నవాళ్ళు కూడా ముఖం చెల్లక వాటిని మొక్కల చుట్టూ పాతుకుని ఊరుకున్నారు.

ఆయన భార్య మాత్రం మొదట్లో పెరటి తలుపే తీసేది కాదు. ఆ తలుపు తీయించింది వీళ్ళింటి నుంచి లెక్కపెడితే మూడో ఇంట్లో ఒంటరిగా ఉండే పంతులమ్మగారు. రిటైరైన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. మధ్యాహ్నం ఎండ తగ్గాక మధ్యింటి పెరట్లోంచి గడ్డి అరిగిన దారెంబడి మెల్లిగా నడుచుకుంటూ వచ్చి వీళ్ళ మెట్ల మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. ఈమెకి అదే నచ్చింది. వాళ్ళిద్దరూ గంటసేపు కూర్చుని రెండు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. అక్కయ్యగారూ, టీ చల్లారిపోతోంది అనేది ఒక మాట. రెండోది మనకి తెలియదు. అది వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయేది. నిజానికి పంతులమ్మగారి చూపు దాదాపు పోయింది. కాలి కింద అరిగిన నేల తెలుస్తుంది గనక పెరటి దారిన ఒంటరిగా రాగలదు, అంతే. ఆ సంగతి బయటపడితే మేనకోడలు వచ్చి తీసుకుపోతుందని, ఎవరికీ చెప్పొద్దమ్మా అని మాట తీసుకుంది. ఈమె తన మొగుడికి కూడా చెప్పలేదు. ఆసుపత్రి కౌంటర్‌లో పనిచేసిన మనిషి, ఒకరి సంగతి ఒకరికి చెప్పే అలవాటు లేదు.

ఇంతకీ మధ్యింటాయన సంగతి చెప్పాలి. ఇన్సూరెన్సు చేయించే మనిషి, నోరు మూతపడదు. లిఫ్టాయన కోరుకున్న పలకరింపంతా ఈయనొక్కడే మూటగట్టుకుని వచ్చాడు. బ్రష్షు నోట్లో పెట్టుకుని పెరట్లోకి వచ్చేస్తాడు. టమాటాలు కోసేసుకుని, రెండు కోశాను అన్నగారూ అని తర్వాత చెబుతాడు. స్నానం చేస్తుంటే బాత్రూం కిటికీ దగ్గర నిలబడి పాలసీల గురించి మాట్లాడతాడు. నలుగురి మధ్య బతకాలని ఉపన్యాసాలిచ్చిన మనిషి కాబట్టి లిఫ్టాయన పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు.

ఓర్పు తెగింది స్పానర్ల దగ్గర. ఉద్యోగమంతా చంకన పెట్టుకు తిరిగిన స్పానర్ల సెట్టు అది. పిల్లల్లేని ఆ ఇంట్లో దానికి నూనె రాయడం ఒక మురిపెం. ఇన్సూరెన్సాయన అడక్కుండా తీసుకెళ్ళి, పంపు బిగించుకుని, వానలో వదిలేశాడు. తుప్పు పట్టిన స్పానర్లు చూసేసరికి ఈయనకి ఒళ్ళు తెలియలేదు. పెరట్లో నిలబడి కాలనీ అంతా వినేలా నానా మాటలూ అన్నాడు. రేపీపాటికి మన మధ్య దడి కట్టకపోతే నన్నడుగు అని శపథం కూడా పట్టాడు.

అప్పుడు లిఫ్టాయన భార్య ఊళ్ళో లేదు. చెల్లెలికి ఆపరేషన్ అయితే సాయానికి వెళ్ళింది. రాత్రి ఫోన్లో మాట్లాడినప్పుడు దడి మాట ఆయన ఎత్తలేదు. ఎత్తితే వద్దంటుందని ఎక్కడో తెలుసు. మర్నాడు చెక్కలు తెప్పించి, చిత్రిక పట్టి, సాయంత్రానికల్లా ఛాతీ ఎత్తు దడి నిలబెట్టేశాడు. పని మాత్రం చూడముచ్చటగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ మరుసటి మధ్యాహ్నం పంతులమ్మగారు మామూలుగా నడిచొచ్చింది. నువ్వొచ్చేదాకా నీ కుండీలకి నేను నీళ్ళు పోస్తానమ్మా అని ఊరెళ్ళేముందు ఆమెకి చెప్పిందట. అదీ ఈయనకి తెలియదు. దడి దగ్గర ఆగిపోయింది. అరచెయ్యి చెక్కకి ఆనించింది. తర్వాత పక్క చెక్కకి, దాని పక్కదానికి. అటు చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆయన వంటింటి కిటికీలోంచి చూస్తున్నాడు. చిత్రిక పట్టిన నునుపు చూస్తోందని ముచ్చటపడ్డాడు. చదువుకున్నావిడ, పనితనం తెలిసిన మనిషి అనుకున్నాడు. అటుపక్క ఇన్సూరెన్సాయన చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. అతని ఎదట దడి దగ్గరకెళ్ళి ఒక చెక్క పీకి దారివ్వడానికి ఈయనకి మనసొప్పలేదు. కిటికీలోంచే, ఎంతో మర్యాదగా, ఒక మాట చెప్పాడు.

"అటు తిరిగి రోడ్డు మీంచి రండమ్మా. ముందు గేటు తీసే ఉంది."

"అలాగే నాయనా" అంది ఆవిడ.

అని ఇంటికి వెళ్ళిపోలేదు. ఇచ్చిన మాట ఉంది, కుండీలున్నాయి. రోడ్డెక్కింది. మలుపులో మురుక్కాలువ మీద మూత లేని చోట కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కళ్ళ సంగతి ఎలాగూ బయటపడింది. మేనకోడలు వచ్చి, ఇంటికి తాళం వేసి, మేనత్తని తనతో తీసుకుపోయింది.

లిఫ్టాయన భార్య తిరిగొచ్చేసరికి కుండీలు ఎండిపోయి ఉన్నాయి. మూడో ఇంటికి తాళం, పెరట్లో దడి. పాపం, రోడ్డు మలుపులో పడిందిట అని ఆయన చెప్పాడు. ఆమె దడి వంకా, ఆయన వంకా చూసి, ఆవిడ రోడ్డు మీదకెందుకు వెళ్ళింది అని అడిగింది. ఆయన ఎండిన కుండీలు పక్కకి జరపసాగాడు. ఆమె మర్నాడు పంతులమ్మగారి మేనకోడలింటికి వెళ్ళి, పొద్దు వాలాక తిరిగొచ్చింది.

వచ్చాక చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. అక్కయ్యగారు ఇక మంచం మీంచి లేవడం కష్టమని డాక్టర్లన్నారట. నన్ను చూడగానే కుండీలు ఎండిపోయాయామ్మా అని అడిగింది అని చెప్పింది. ఎవరి మీదా నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదట. ఆ తర్వాత కళ్ళ సంగతి చెప్పింది, మాట ఇచ్చిన సంగతీ చెప్పింది. చెక్క చెక్కకీ ఆనిన ఆ అరచెయ్యి అప్పుడు గానీ ఆయనకి అర్థం కాలేదు.

"నేనే పంపాను. రోడ్డు మీంచి రమ్మని నేనే చెప్పాను" అన్నాడు.

"తెలుసు. ఆవిడ చెప్పింది. ఎంత మర్యాదగా పిలిచాడో మీ ఆయన, అంది."

తెల్లారగానే ఆయన సుత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. పగబట్టినవాడిలా చెక్కలన్నీ ఊడబెరికాడు. తీరా చూస్తే చెక్కల వెనకాల ఇన్సూరెన్సాయన ఇటుకగోడ మోకాలెత్తు లేచి ఉంది. ఈయన అతని గుమ్మంలోకి వెళ్ళి, తప్పు నాది, ఆపెయ్యి బాబూ అని బతిమాలాడు. అతను నొచ్చుకున్నాడు గానీ ఆపలేదు. మీరే కట్టుకున్నాక మాకు తప్పేముంది అన్నగారూ, అటు చివరిదాకా అందరూ కట్టేసుకుంటున్నారు అన్నాడు. అది నిజమే. వరసగా పెరళ్ళలో ఇసక కుప్పలు పోసి ఉన్నాయి. మొక్కల చుట్టూ పాతుకున్న ఇటుకలు కూడా బయటికొచ్చాయి.

నెల తిరిగేసరికి గోడ నిలువెత్తయింది. అటువైపు మాట ఇటు వినిపించడం మానేసింది. గడ్డిలో అరిగిన దారి గోడ మొదట్లో ఆగిపోయి, మెల్లిగా మళ్ళీ పచ్చబడుతోంది. ఆయన మెట్ల మీద కూర్చుని, ఈ ఇల్లు అమ్మేద్దాం, నువ్వారోజు ఇష్టపడ్డ కాలనీలోనే ఏదైనా చూద్దాం అన్నాడు. ఈసారి నిజంగా నీ ఇష్టమే అని కూడా అన్నాడు.

ఆమె కొత్తగా నాటిన కుండీలకి నీళ్ళు పోస్తోంది. పొయ్యడం ఆపి గోడ వంక చూసింది.

"ఎందుకండీ మళ్ళీ వెతకడం? నేనడిగింది ఇలాంటిదేగా" అంది.

ఆ మాటలో కోపం లేదు. అదుంటే బావుండునని ఆయనకనిపించింది. ఆమె మిగిలిన కుండీలకి నీళ్ళు పోసేసి, లోపలికెళ్ళి, పెరటి తలుపు వేసుకుంది.