వరహాలమ్మ వాపసిచ్చిన గ్రైండరు

నేను ఒక గ్రైండరుని. ఒళ్లు కొత్తది, గుండె పాతది. ఎక్కడో కాలిపోయిన మోటారుకి మళ్లీ తీగ చుట్టించి నాలో బిగించి, పైన నిగనిగలాడే ఎర్రరంగు పూసి, అనకాపల్లిలో గురునాథం కొట్లో నిలబెట్టారు. ఆ సంగతి నాకు తెలుసు, గురునాథానికీ తెలుసు. కొనుక్కున్న వరహాలమ్మకే తెలియదు.

ఆవిడ ఇడ్లీపిండి రుబ్బి ఇళ్లకు పోస్తుంది. మొగుడు పోయాక రుబ్బురోలు తిప్పి తిప్పి కుడిభుజం పడిపోతే, చీటీ పాడి నన్ను తెచ్చుకుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, "ఇకనుంచి నా భుజానివి నువ్వేనే" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వారం తిరక్కుండా పొగ కక్కాను.

గురునాథం మనిషిని పంపాడు. వచ్చినవాడు ఏదో బిగించాడు, తిరిగాను. అతను వీధి మలుపు తిరిగేసరికి ఆగిపోయాను. ఇలా ఎన్నిసార్లో! గట్టిగా ఒక్కటి వేస్తే యంత్రానికి బుద్ధొస్తుందని మనుషుల నమ్మకం. నన్ను కొట్టని చెయ్యి లేదు. కొట్టాల్సిన వాణ్ణి మాత్రం అందరూ షావుకారు గారనే పిలిచారు.

చివరికి ఒక పెళ్లికి పిండి ఒప్పుకున్న రోజున, పప్పు సగం నలిగాక చచ్చాను. పెళ్లివారు ఆవిణ్ణి వాకిట్లో నిలబెట్టి నానా మాటలూ అన్నారు. వాడుక ఇళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి.

వరహాలమ్మ తిన్నగా కొట్టుకి వెళ్లి, "వేరేది మార్చియ్యి బాబూ" అని అడిగింది.

కొట్టు నిండా జనం. గురునాథం నవ్వాడు. "యంత్రం మంచిదేనమ్మా, నీ చెయ్యే మంచిది కాదు. అది పడితే ఏదైనా పోతుంది."

మొగుడు పోయిన మనిషితో అన్న మాట అది. జనంలో ఒకరిద్దరు నవ్వారు కూడా. వరహాలమ్మ ఏడవలేదు.

"సరే బాబూ. ఈ చెయ్యి ఏటి సేస్తదో సూద్దువుగాని."

వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేసింది. అక్కడితో ఊరుకోలేదు. పాత రుబ్బురోలు రిక్షాలో వేయించుకొచ్చి, కొట్టుకెదురుగా రోడ్డవతల పెట్టి, పక్కన నన్ను నిలబెట్టి, ఆ నొప్పిభుజంతోనే రుబ్బడం మొదలుపెట్టింది. కొట్లోకి వెళ్లబోయేవాళ్లు ఆగి, "గ్రైండరుండగా ఈ తిప్పలేంటమ్మా?" అనేవారు.

"ఆ కొట్లోదే బాబూ. ఎంత బాగా తిరుగుతోందో సూస్తన్నారు కదా!"

వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి మళ్లేవారు. నా కడుపు చల్లగా ఉండేది.

గురునాథం దిగొచ్చాడు. రోడ్డు దాటి వచ్చి, గొంతు తగ్గించి, "కొత్తదిస్తాను, కేసు తీసేసుకో" అన్నాడు.

"అడిగిన్నాడే ఇచ్చుంటే దండం పెట్టేదాన్ని. ఇప్పుడు నాకు గ్రైండరొద్దు బాబూ. నువ్వే కావాలి."

కమిషన్ ముందు అతని వకీలు, ఆవిడకి వాడటం రాదని వాదించాడు. అయితే విప్పి చూద్దామన్నారు. నిపుణుడు నన్ను విప్పాడు. ఎర్రరంగు కింద పాత మసి అంతా బయటపడింది. ఇన్నాళ్లకి ఊపిరి పీల్చుకున్నాను. డబ్బు తిరిగివ్వాలి, పరిహారం కట్టాలి, గ్రైండరు వాపసు తీసుకోవాలి అని తీర్పొచ్చింది.

"వాపసిమ్మన్నారు. ఎలాగివ్వాలో సెప్పలేదు కదా!" అని వరహాలమ్మ రోళ్లకు గాట్లు పెట్టేవాణ్ణి పిలిపించింది. పిండి తగిలేచోట ఎవడూ రంగు పూయలేడు. నా రాతి మీద సరిగ్గా అక్కడే లోతుగా చెక్కించింది: 'నన్ను కొనకండి.'

గురునాథం నన్ను తీసుకెళ్లి, చెప్పకేం, మూత తీసి చూడకుండానే మళ్లీ రంగే వేయించాడు. చోడవరం నుంచి వచ్చిన ఒకావిడకి చూపించాడు. ఆవిడ మూత తీసి చదివింది. నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, మెట్లు దిగిపోయింది.

ఇక పాతసామాన్లవాణ్ణి పిలిచాడు. వాడు రేకూ మోటారూ ఊడదీసుకుని, "రాయి నాకెందుకండీ" అని మెట్ల పక్కన పడేసి పోయాడు. నేనిప్పుడు ఆ రాయినే.

గురునాథం రోజూ కొట్టు తెరవగానే అక్షరాలు కనబడకుండా నన్ను బోర్లిస్తాడు. అతను లోపలికెళ్లగానే వరహాలమ్మ పిండి డబ్బాలతో అటే వస్తుంది. డబ్బాలు దించి, అటూ ఇటూ చూసి, కాలితో ఒక్క తోపు తోసి, నన్ను వెల్లకిలా తిప్పి, తన దారిన తాను వెళ్లిపోతుంది.