వంద కిలోల ఇంకాస్త

మా ఆఫీసులో ఆ కెప్టెన్‌ని చాటుగా అందరం ‘ఇంకాస్త’ అంటాం. విమానానికి ఎంత ఫ్యూయల్ కావాలో లెక్కగట్టేది నేను. దారికి ఇంత, అక్కడ దిగడం కుదరకపోతే పక్క ఎయిర్‌పోర్టుకి ఇంత, ఆపైన అరగంట గాల్లో తిరగడానికి ఇంత. అన్నీ కలిపి ప్లాన్ చేతికిస్తే, పూర్తిగా చూడనైనా చూడకుండా “ఇంకాస్త పోయించు తల్లీ” అంటాడు. ఆ ఇంకాస్తని మోయడానికే ఇంజిన్లు మళ్లీ తాగుతాయయ్యా మహానుభావా అని నెత్తీనోరూ కొట్టుకున్నా వినడు. రోజూ ఇదే గోల.

ఈరోజు మాత్రం నేనే ఆయన దగ్గర కాళ్లబేరానికి వచ్చాను. మా రన్‌వే సగం మరమ్మతులో ఉంది. బరువు మించితే విమానం లేవదు. వంద కిలోలు పెరిగితే ఒక మనిషి పెట్టెతో సహా దిగాల్సిందే. ముందు దించేది స్టాఫ్ కోటాలో ఎక్కినవాళ్లని. ఆ కోటాలో ఉన్నది మా అక్క ఒక్కతే. సాయంత్రం ఆ విమానం దిగే ఊళ్లోనే బావకి గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేలోపు అక్క కనబడాలని ఆయన పట్టు. ఇది తప్పితే మళ్లీ రేపే విమానం.

సంగతంతా విని కెప్టెన్ గడ్డం గోక్కున్నాడు. “సరే, ఈ పూటకి నీ ప్లానే. చుక్క కూడా ఎక్కువ అడగను.”

హమ్మయ్య అనుకున్నానో లేదో వాతావరణం రిపోర్టు వచ్చింది. దిగే చోట అక్కడక్కడా ఉరుముల మేఘాలట. రూల్స్ ప్రకారం నా లెక్క సరిపోతుంది. ఇలాంటి రిపోర్టుల మీద ఎన్ని విమానాలు పంపలేదు నేను! ఈయనతో ఎంత కొట్లాడలేదు! ఇవాళ సంతకం పెట్టబోతే చెయ్యి రాదే! లెక్క మళ్లీ చేశాను. అదే వచ్చింది. ఛీ, నా బుద్ధి తగలెయ్య! వంద కిలోలు కలిపాను. దానితో గాల్లో దక్కేది మహా అయితే మూడు నిమిషాలు.

కొత్త కాగితం చూసి కెప్టెన్ నా మొహంలోకి చూశాడు. “మీ అక్క దిగాలి, తెలుసుగా?”

“తెలుసు.”

“ఆవిడ దిగాక ఆ వందా తీసేద్దామా?”

“తీసేస్తే ఎక్కుతుంది. ఎక్కితే నేను మళ్లీ కలుపుతాను. నా ప్రాణం తీయకండి!”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “మరి ఇన్నాళ్లూ నీ ప్లాన్ మీద ఎవరక్కలు వెళ్లారనుకున్నావ్?” అనేసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీదో, నా మీదో నాకే తెలీదు.

కాసేపటికి ఫోన్ మోగింది. అక్క. ఏడుపులో మాట సరిగ్గా రావట్లేదు. “ఎవడో పెట్రోలు ఎక్కువ పోయించాడటే, నన్ను దించేశారు. మీ బావ గుమ్మంకేసే చూస్తూ ఉంటారే. నువ్వు రోజూ ఆ కెప్టెన్‌తో కొట్లాడతావుగా, ఈ ఒక్కరోజు నా కోసం గట్టిగా కొట్లాడవే!”

కిటికీలోంచి చూస్తే విమానం అప్పుడే కదులుతోంది.

“ఆ ఎవడో నేనేనక్కా” అన్నాను.