రాహుకాలం దాటాక

రేవు ఆఫీసులో త్రిమూర్తులు సర్వర్‌కి పసుపు రాసి, కుంకుమ అద్ది, లైనక్స్ తెర మీద డాకర్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌ని ఆపే కమాండు కొట్టాడు. సముద్రం మీదున్న నలభై బోట్ల సందేశాలు అందుకునే ప్రోగ్రాములన్నీ ఆ డాకర్‌లోనే నడుస్తాయి. అది ఆగితే, బోటులో ఆపద మీట నొక్కినా ఇక్కడ సైరన్ మోగదు. పది నిమిషాల పనే కదా అని బోటు యజమానుల సంఘం ఒప్పుకుంది.

ఆయనకి యాభై రెండేళ్ళు. పుట్టుకతోనే ఎడమకాలు సన్నం. చేపల వేట ఇంట పుట్టి పడవ ఎక్కలేకపోతే ఊరు ఊరుకుంటుందా? ఒడ్డు త్రిమూర్తులని పేరు పెట్టింది. అన్న బుల్లియ్యే మండపేట పంపి కంప్యూటర్ నేర్పించాడు. పెళ్ళి కాలేదు. పాతికేళ్ళుగా అన్న ఇంట్లో తిండి, ఈ కుర్చీలో బతుకు. అన్న వేటకెళ్ళిన రోజుల్లో తెర మీద అతని బోటు చుక్కని చూస్తూ అన్నం తినడమే ఆయనకున్న ఒక్క విలాసం.

కొత్త వెర్షన్ ఎక్కేసరికి ఒంటిగంటా నలభై. ఆ ప్రోగ్రాములుండే కంటైనర్లని మొదలుపెట్టే కమాండు టైపు చేశాడు. ఎంటర్ మీదకి వెళ్ళిన వేలు ఆగిపోయింది. గురువారం. ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. ఆ వేళలో వాళ్ళ రేవులో కొత్త పడవకి తాడు విప్పరు. ఆయన లెక్కలో కొత్త డాకరూ పడవే.

ఊడవడానికొచ్చిన సంపూర్ణమ్మ తెర వంక చూసింది. "చుక్కలింకా రాలేదేంటండి?"

"మూడు దాటనియ్యమ్మా. అన్నయ్య కూడా సముద్రం లోపలే ఉన్నాడు. మంచి ఘడియలో మొదలెడితే అందరికీ మంచిది."

మూడూ రెండుకి ఎంటర్ నొక్కాడు. చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. వెంటనే సైరన్ మోగింది. ఇంతసేపూ దారిలో ఆగి ఉన్న సందేశాలు వరసగా దిగాయి, అన్నీ బుల్లియ్య బోటువే. 1.52కి ఇంజన్ గదిలో నీళ్ళు. 2.10కి మునుగుతున్నాం. 2.26కి మళ్ళీ అదే. ఆ తర్వాత ఏమీ లేదు.

అన్నకి దగ్గర్లో ఉన్న బోటుకి కబురు పంపాడు. నాలుగున్నరకి జవాబొచ్చింది.

"ఇద్దరు కళాసీలు దొరికారండి. బుల్లియ్యగారు నాలుగింటి దాకా వీళ్ళతోనే ఐసుపెట్టె పట్టుకుని ఉన్నారంట. చేతులు జారిపోయాయంట."

"అన్నయ్యని నేనే చంపుకున్నాను," అన్నాడు పైకే. ఆయన లేచి, కాలీడ్చుకుంటూ, లోవమ్మ వదినకి చెప్పడానికి బయల్దేరాడు.

ఆఫీసు తలుపు వెనక మేకుకి బుల్లియ్య తెల్లచొక్కా, వేట నుంచి తిరిగొచ్చి తొడుక్కుని ఇంటికెళ్ళేది, జేబులో దువ్వెనతో వేలాడుతోంది.