మూడు చుక్కల పెనం

పెనం ఒకటి, నాదంటే నాదన్నవాళ్ళు ఇద్దరు.

పంజాగుట్ట సందులో పాత పోత ఇనుప సామాన్లు బాగుచేసి అమ్మే కృష్ణమోహన్‌కి ఇలాంటి చిక్కు ఎదురవడం ఇదే మొదలు. ఎర్రగడ్డ తుక్కు కొట్టులో ఆ పెనం తుప్పు ముద్దలా దొరికింది. నిప్పుల్లో కాల్చి, వైరు బ్రష్షుతో రుద్ది, నూనె పూసి ఏడుసార్లు పొయ్యెక్కించాడు. నల్లగా నిగనిగలాడుతున్న దాన్ని గుమ్మంలో వేలాడదీసిన పూటే గొడవ వచ్చిపడింది.

నెల కిందట అమీర్‌పేటలో రోడ్డు వెడల్పు చేస్తూ టిఫిన్ బళ్ళని పక్క సందులోకి నెట్టి, సామాన్లు లారీలో ఎత్తుకుపోయారు. వాటిలో దోసె బళ్ళు నడిపే వీర్రాజు, సత్తెమ్మల పెనాలూ ఉన్నాయి.

"ఎవరిదో తేలితే, నేను కొన్న తుక్కు ధరకే ఇచ్చేస్తాను," అన్నాడు కృష్ణమోహన్.

"కింద మూడు చుక్కలుంటాయి, చూసుకోండి," అన్నాడు వీర్రాజు.

తిరగేస్తే నిజంగానే ఉన్నాయి. కృష్ణమోహన్ సత్తెమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, నీ పెనం కింద ఏముంటుంది?"

"నాకేమెర్క?" సత్తెమ్మ గయ్యిమంది. "ముప్పై ఏండ్ల సంది దోసెలు పైన పోసిన గానీ కింద పోసిననా? కొత్త పెనం మీద ఒక్కటి సుత లేస్తలేదు. కంప్యూటర్ క్లాసులల్ల జావా నేర్చే పోరగాళ్ళంత పక్క బండికి పోతున్నరు. ఇంకో వారం చూస్త, బండి అమ్ముకుంట."

"చుక్కలు చెప్పినవాడిదే కదండీ పెనం?" అన్నాడు వీర్రాజు.

కృష్ణమోహన్ తల అడ్డంగా ఊపాడు. చుక్కలు అచ్చువి. ఆ అచ్చులో పోసిన ప్రతి పెనానికీ ఉంటాయి. మరి వాడిన మనిషిని పట్టిచ్చేదేమిటి?

రసమట్టంతో సరిచూసిన బల్ల మీద, కాడ తనవైపు ఉండేలా పెనం పెట్టి చెంచాడు నీళ్ళు పోశాడు. నీళ్ళు నడుమ నిలవలేదు. మెల్లగా ఎడమ అంచుకి జారాయి. అక్కడ ఇనుము అరిగి పల్లమైంది. ఏళ్ళ తరబడి అట్లకాడ గీరిన చోటది.

ఇద్దరికీ ఏమీ చెప్పకుండా, కాడవైపుకి రమ్మని అట్లకాడ ముందుకు చాపాడు.

"దోసె ఎలా తీస్తారో చూపించండి."

వీర్రాజు కుడిచేత్తో అందుకుని కుడి అంచున పెట్టాడు. సత్తెమ్మ దాన్ని ఎడమచేత్తో లాక్కుని, చూడకుండానే పల్లంలోకి దించింది.

"అవ్వదే," అన్నాడు కృష్ణమోహన్.

వీర్రాజు పల్లాన్ని వేలితో తడిమి చూశాడు. "నిజమేనండి, నేనిటు గీరను. మరి నాదేమైనట్టు?"

"రేపు ఎర్రగడ్డ వెళ్తున్నాను. మీరూ రండి."

సత్తెమ్మ పెనాన్ని వాసన చూసి మొహం చిట్లించింది. "మస్తు గోకినవ్ బిడ్డా! ముప్పై ఏండ్ల నూనె పోగొట్టినవ్. మొదట్ల అంటుకుంటది."

"మరి తీసుకోవా?"

"ఎందుకు తీస్కోను? ఉల్లిగడ్డ రుద్దుకుంట పోస్త. జర జరుగు, నాలుగింటికి క్లాసులు ఇడుస్తరు."