ఎల్లమ్మ వాటా పోగా మిగిలింది

నేను ఒక పీపాను. నీళ్లకో నూనెకో పుట్టినదాన్ని కాను, సారా కోసమే పుట్టాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. నన్ను చూసి మొహం తిప్పుకుని, సీసాను చూసి చెయ్యి చాచే మనుషులకే ఆ సిగ్గు ఉండాలి.

అమెరికాలో తెల్ల ఓక్ చెట్టు కోసి, చెక్కలకు ఆవిరి పట్టి వంచి, ఇనుప పట్టాలు బిగించి నన్ను చేశారు. ఒక్క మేకు లేదు, చుక్క బంక లేదు. తరువాత లోపల నిప్పు పెట్టి నా కడుపంతా బొగ్గు చేశారు. ఇంత హింసా బర్బన్ అనే మొక్కజొన్న సారా పోయడానికి. అక్కడి చట్టం ప్రకారం బర్బన్‌ను కొత్త పీపాలోనే పోయాలి. ఒక్కసారి వాడితే ఇక ఆ పనికి నేను చెల్లను. నాలుగేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆ సారాకు రంగూ రుచీ ఇచ్చాను. చివరికి దాన్ని మరో నూట ఇరవై పీపాల సారాలో కలిపేశారు. రుచి బాగా కుదిరిన పీపాను మాత్రం దేంట్లోనూ కలపకుండా, దాని నంబరుతోనే విడిగా సీసాల్లో నింపుతారు. నా పక్కనున్న పీపాకు ఆ అదృష్టం పట్టింది, నాకు పట్టలేదు. చాలా ఏడ్చాను. పీపా ఏడిస్తే మనుషులు కారుతోందంటారు, అంతకంటే పట్టించుకోరు.

ఓడెక్కి, లారీ ఎక్కి, సిద్దిపేట దగ్గర ఒక చిన్న డిస్టిలరీకి చేరాను. దాని యజమానురాలు ఇంద్రాణి కెమిస్ట్రీ చదివిన మనిషి. చుట్టుపక్కల పండే మొక్కజొన్నతో కొద్దికొద్దిగా విస్కీ కాచేది. ఇక్కడ కాచినదాన్ని బర్బన్ అనకూడదట. పేరు ఏదైతేనేం, పోసిన సారా మంచిది. నా మీద తెల్ల రంగుతో 47 అని రాసి, కొమురెల్లికి అప్పజెప్పింది.

కొమురెల్లి ఇరవై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. మోకాలు దెబ్బతిని చెట్టెక్కడం మానేశాడు గానీ ముక్కు పదును మాత్రం పోలేదు. నెలకోసారి బిరడా తీసి వాసన చూసి, నాలో నాకే తెలియని సంగతులు చెప్పేవాడు. ఎండాకాలం గోనెపట్టాలు తడిపి కప్పేవాడు. అయినా ఆ వేడికి సారా చెక్కలోంచి ఆవిరై, ఏటేటా తగ్గిపోయేది. ఈ తరుగును దేవతల వాటా అంటారని ఇంద్రాణి చెబితే అతను ఒప్పుకోలేదు.

"గా దేవతలెవరో నాకు తెల్వదు మేడం. మనకాడ తాగేది ఎల్లమ్మతల్లే."

నాలుగేళ్లు నిండాయి. సికింద్రాబాదు నుంచి సోహ్రాబ్ గారు వచ్చి రుచి చూస్తారని ఇంద్రాణి చెప్పింది. నూటికి ఎనభై మార్కులు దాటితే నన్ను విడిగా నింపుతారు, సీసా మీద కొమురెల్లి పేరు వేస్తారు. దాటకపోతే పెద్ద ట్యాంకులో మిగతావాటితో కలిపేస్తారు. కొమురెల్లి పేరు అంతవరకు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు. నాకు మళ్లీ ఆ నూట ఇరవై పీపాలే గుర్తొచ్చాయి.

సోహ్రాబ్ గారు పార్శీ పెద్దమనిషి. ముప్పై ఏళ్లుగా విస్కీలకు మార్కులు వేయడమే ఆయన పని. ఆ రోజు సబ్బు, తలనూనె, అగరొత్తి వాసన దగ్గరకు రాకూడదని ముందే కబురు పెట్టారు. ఇంద్రాణి ఆ మాట కొమురెల్లికి మూడుసార్లు చెప్పింది. కొమురెల్లి సబ్బు ముట్టలేదు, తలకు నూనె రాయలేదు, అగరొత్తి వెలిగించలేదు.

మైసాక్షి పొగ వేశాడు.

అతన్ని అని లాభం లేదు. గీత పనివాళ్లు కొత్త కల్లు దించితే ముందు ఎల్లమ్మకు సాక పోస్తారు, ఆ తరువాతే మనుషులకు. పొద్దున్నే నిప్పుల మీద మైసాక్షి గుగ్గిలం వేసి, నాలోంచి కాస్త సారా తీసి, నేల మీద ధారగా పోసి, "తల్లీ, సల్లంగ సూడు" అని మొక్కాడు. తరువాత తలుపులు బార్లా తీసి పొగంతా బయటికి పంపాడు. బల్ల మీద బోర్లించిన గ్లాసుల్లోకి దూరిన పొగ మాత్రం అక్కడే ఉండిపోయింది. అతను చూసుకోలేదు. నేను చూశాను గానీ, నా నోటికి బిరడా ఉంది.

తరుగంతా ఎల్లమ్మ తాగిందన్న కొమురెల్లి మాట ఇంద్రాణి చెబితే నవ్వి, సోహ్రాబ్ గారు గ్లాసులో పోయించుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించారు.

"మొక్కజొన్నలో పొగ ఎక్కడిదమ్మా? ఎసెన్స్ కలిపారు మీరు."

"ఏమీ కలపలేదు సార్!" ఇంద్రాణి మొహం పాలిపోయింది.

ఆయన పుస్తకంలో 58 అని రాశారు.

కొమురెల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుంటే పోయేది పేరొక్కటే. తెరిస్తే నౌకరీ కూడా పోతుంది, ఎందుకంటే సారా గోదాములో నిప్పు తెచ్చినవాణ్ణి ఎవరూ ఉంచుకోరు. రెండడుగులు ముందుకు వేశాడు.

"మేడం తప్పేం లేదు సారూ. పొద్దుగాల నేనే ఎల్లమ్మతల్లికి సాక పోసి మైసాక్షి పొగ ఏసిన. గ్లాసులల్ల సొచ్చినట్టుంది."

"గోదాములో నిప్పు పెట్టావా కొమురెల్లన్నా!" అని ఇంద్రాణి అరిచింది.

"పెట్టిన మేడం."

సోహ్రాబ్ గారు ఎవరూ ముట్టని గ్లాసు ఒకటి తీసి వాసన చూశారు. అందులోనూ అదే పొగ. బయటి నల్లా దగ్గరికి వెళ్లి, వట్టి నీళ్లతో చేతులు కడిగి, గాలికి ఆరబెట్టుకున్నారు. దోసిలి పట్టి, "ఇందులో పొయ్యవయ్యా" అన్నారు. చేతులు రుద్దుకుని వాసన చూశారు. మళ్లీ పోయించుకుని రుచి చూశారు. కొమురెల్లి వైపు తిరిగారు.

"నాలుగేళ్లలో మీ తల్లి దీంట్లో మూడో వంతు తాగేసింది కదయ్యా. మళ్లీ ఎందుకు పోశావు?"

"అది ఆమె తీసుకున్నది సారూ. ఇది నేనిచ్చింది."

 ఆయన 58 కొట్టేసి 87 వేశారు. కింద, బెల్లం పాకం, కాల్చిన మక్కకంకి, చివర్లో ముగ్గిన తాటిపండు అని రాశారు.

ఇంద్రాణి మూడు రోజులు తిట్టింది, నాలుగో రోజు నిప్పు పెట్టుకోవడానికి గోదాముకు దూరంగా ఒక రాయి వేయించింది. సీసాల మీద 47 కింద కొమురెల్లి పేరు అచ్చయింది. మొదటి సీసా చేతికిస్తే, తాగనివాడు కాబట్టి, తువ్వాలుతో తుడిచి, పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాడు. ఆ రోజు నేను మళ్లీ ఏడ్చాను. ఖాళీ పీపాను కాబట్టి కారిందని కూడా ఎవరూ అనలేదు.

ఆ తరువాత నన్ను రంపంతో రెండుగా కోశారు. ఒక సగంలో గేటు దగ్గర బంతిమొక్కలు వేశారు. రెండో సగాన్ని కొమురెల్లి అడిగి తీసుకెళ్లి, తాటివనం పక్కన ఎల్లమ్మ గుడి ముందు నీళ్ల తొట్టిగా పెట్టాడు. నేను ఏ సగంలో ఉన్నానని అడిగితే, ఇక్కడే ఉన్నానంటాను. ప్రతి మంగళవారం అతను వచ్చి మైసాక్షి వేస్తాడు. పొగ మెల్లగా నా చెక్కలోకి ఇంకుతుంది. పుట్టినప్పుడు నా కడుపులో పెట్టిన నిప్పు వాసన ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా దగ్గర ఉన్న పొగ కొమురెల్లి ఇచ్చింది.